నోటరీ చదివిన పదకొండు నిమిషాలు

లుగోవి,
2007 మార్చి 11

మిర్నా తల్లీ,

పోయిన ఆదివారం నువ్వు ఫోన్ చేశావని రూజ చెప్పింది. నేను ఫోన్ ఎత్తనని నీకు తెలుసుగా. ఇరవై ఎనిమిదేళ్లు నేతమిల్లులో నిలబడ్డదాని చెవికి ఫోన్ ఆనిస్తే ఏం లాభం, సీసాలో ఈగ పడ్డట్టు గుయ్యిమంటుంది. నాకు కాగితమే నయం. ఎదురుగా ఉంటే పెదాలు చూసి అర్థం చేసుకుంటా, దూరంగా ఉంటే ఉత్తరం చూసి.

సంగతేంటంటే, రూజా అల్లుడు తిహొమిరూ పట్నంలో ఒక ఫ్లాటు చూశారు. రెండు గదులు, మూడో అంతస్తు, ఎదురుగా బేకరీ. ఇప్పుడుంటున్న అద్దె గదిలో గోడలన్నీ చెమ్మే. సెప్టెంబరుకి బిడ్డ పుడుతుంది. ఆ చెమ్మలో పసిదాన్ని ఎట్లా పడుకోబెడతాం? బ్యాంకువాళ్లు అప్పిస్తామన్నారు గానీ ఫ్లాటొక్కటే తాకట్టుకి చాలదట, నా ఇల్లు కూడా పెట్టాలట.

పెట్టడానికి నాకేం అడ్డులేదు, నేను పోయాక అది రూజదేగా. కానీ అప్పుల్లో రెండు రకాలున్నాయట. ఒకటి మన కూనాల్లో, ఇంకోటి స్విస్ ఫ్రాంకుల్లో. ఫ్రాంకు అప్పుకి కిస్తీ తక్కువ. అల్లుడు ఫ్రాంకే అంటున్నాడు. పక్కింటి ష్టెఫ్ గుర్తున్నాడుగా, పోస్టాఫీసులో పొదుపు ఖాతాల కిటికీ దగ్గర కూర్చునేవాడు, ఇప్పుడు రిటైరయ్యాడు. మొన్న కంచె మీంచి ఒక మాటన్నాడు. "కాటా, జీతం ఏ డబ్బులో వస్తుందో అప్పూ ఆ డబ్బులోనే చెయ్యాలి" అని. ఇంకాస్త అడగబోతే కోళ్లకి గింజలు వెయ్యాలంటూ లోపలికి పోయాడు. కూర్చోబెట్టి అడగమంటావా?

అల్లుడు వద్దంటున్నాడు. రూజ పెళ్లిలో పక్కన నిలబడి సాక్షి సంతకం పెట్టిన కుమావి నువ్వు. చదువుకున్నదానివి, జాగ్రెబ్‌లో ఈ ఇంటి అప్పుల పనే చేస్తున్నదానివి. మన ఊళ్లో కుమా మాట దాటి ఇంకో గడప తొక్కితే కుమా మొహాన ఉమ్మినట్టే. అందుకని ముందు నీకే రాస్తున్నా.

బస్సు డ్రైవరు చేతికి ఎర్రకారం జున్నుముద్దలు రెండిచ్చాను. పొగ బాగా పట్టింది. వాసనొస్తోందని పక్కగదివాళ్లు గొడవ చేస్తే వాళ్ల నోట్లోనూ ఓ ముక్క పెట్టు.

మీ కాటా అత్త

*

జాగ్రెబ్,
2007 మార్చి 18

ప్రియమైన అత్తా,

జున్ను అందింది. పక్కగది అమ్మాయి గొడవ చేయలేదు, సగం ముద్ద తినేసింది.

నువ్వు నన్ను అడగడం నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఈ గృహరుణ సలహా కేంద్రంలో చేరి ఎనిమిది నెలలైంది. రోజుకు ఆరేడుగురు నా బల్ల ముందు కూర్చుని, నేను చెప్పేది తలూపుతూ వింటారు. కానీ మన ఇంట్లోవాళ్లు నన్ను సలహా అడగడం ఇదే మొదటిసారి. ఉత్తరాన్ని మూడుసార్లు చదువుకున్నాను.

ఫ్రాంకు అప్పు తీసుకోండి. వడ్డీ దాదాపు సగమే. మాకు శిక్షణలో పదేళ్ల పటం చూపించారు. ఫ్రాంకు విలువ బల్ల మీద పరిచిన దారంలా కదలకుండా ఉంది. స్విట్జర్లాండు అంటే గడియారాలవాళ్ల దేశం, అత్తా. అక్కడ ఏదీ ఉన్నట్టుండి మారదు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది ఫ్రాంకే తీసుకుంటున్నారు.

ష్టెఫ్ గారిని కూర్చోబెట్టి అడగనక్కర్లేదు. ఆయన మంచివాడే, కానీ ఆయన నేర్చుకున్నది దేశం విడిపోకముందు, పాత డబ్బుతో. ఇప్పటి లెక్కలు వేరు. మళ్లీ ఆయనేదో అనడం, తిహొమిర్‌కి అనుమానం రావడం, ఇదంతా ఎందుకు. కాగితాలన్నీ నేనే దగ్గరుండి చేయిస్తాను.

నీ మిర్నా

*

లుగోవి,
2007 ఏప్రిల్ 2

మిర్నా తల్లీ,

సరే. ష్టెఫ్‌ని అడగనులే. వాడి కోళ్లకే వాడు సలహా చెప్పుకుంటాడు.

ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకు. నీదే ఇల్లయితే, నువ్వే కొనుక్కుంటుంటే, ఇదే తీసుకుంటావా?

అత్త

*

జాగ్రెబ్,
2007 మే 21

ప్రియమైన అత్తా,

జవాబు ఆలస్యమైంది. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

ఇదే తీసుకుంటాను.

నోటరీ దగ్గర జూన్ పద్నాలుగుకి సమయం తీసుకున్నాను. నేను బస్సులో వస్తాను. నీ గుర్తింపు కార్డు, ఇంటి పట్టా మర్చిపోకు.

నీ మిర్నా

*

లుగోవి,
2007 జూన్ 17

మిర్నా తల్లీ,

నువ్వు బస్సెక్కాక రూజ ఇంకోసారి ఏడ్చింది, సంతోషంతోలే. అల్లుడు నోటరీ ఆఫీసు కింద కొట్లో మూడు కేకులు తిన్నాడు. ఆ క్రీము కేకులు అప్పుకంటే బరువుగా ఉన్నాయి.

ఆ నోటరీ ఎంత పొడుగు చదివాడమ్మా. రూజ పెళ్లిలో ఫాదరుగారు కూడా అంత చదవలేదు. చట్టం ప్రకారం చివరిదాకా పైకే చదవాలట. చదివినవాడు చదివాడు, విననిది విననే లేదు. నువ్వు పక్కన కూర్చుని పెదాలతో చెబుతుంటే నాకు మిల్లు రోజులు గుర్తొచ్చాయి. మగ్గాల హోరులో మేమంతా అట్లాగే మాట్లాడుకునేవాళ్లం, గొంతు లేకుండా. సూపర్‌వైజరును ఎదురుగానే తిట్టేవాళ్లం, వాడు నవ్వుతూ పోయేవాడు. నీకు ఐదేళ్లప్పుడు వంటింట్లో నేర్పించానుగా ఆ విద్య. ఇన్నేళ్లకి అక్కరకొచ్చింది.

సరే, ఉంటా. గోడలకి సున్నం కొట్టించాలి రూజ ఇంట్లో.

అత్త

*

జాగ్రెబ్,
2007 డిసెంబరు 16

ప్రియమైన అత్తా,

ఈ పెట్టెలో ఉన్నది వినికిడి యంత్రం. భయపడకు, తుపాకీ గుండు కాదు. చిన్న చక్రం తిప్పితే శబ్దం పెరుగుతుంది. అంగడివాడు చాలా మంచిదని చెప్పాడు. ఆఫీసులో జూన్ త్రైమాసికానికి కొంచెం బహుమతి డబ్బు వచ్చింది. కోటు కొనుక్కోమన్నారు అందరూ. నాకు పాత కోటు చాలు.

చిన్నారి ఫొటో పంపమని రూజకు చెప్పు. పండగకు రాలేను, సెలవు దొరకలేదు.

నీ మిర్నా

*

లుగోవి,
2008 జనవరి 9

మిర్నా తల్లీ,

నాకు ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో గోడగడియారం ఉందని తెలుసు గానీ అది ఇంత వాగుడుకాయని తెలీదు. మొదటిరోజు దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టా. జున్ను నీళ్లు కారుతుంటే చుక్కచుక్కకీ చప్పుడవుతుంది, నీకు తెలుసా? ష్టెఫ్ మాట్లాడేటప్పుడు మధ్యమధ్యలో ఈల వేస్తాడు, పళ్ల సందుల్లోంచి. పాపం, ఇన్నేళ్లు ఎవరూ వాడికి చెప్పలేదు. నేను చెప్పేశా.

చంటిది ఏడుస్తుంటే విన్నా. ఊరికే విన్నా, ఎత్తుకోకుండా కాసేపు. రూజ నన్ను తిట్టింది.

ఫోన్‌కి మాత్రం ఇది పనికిరాదు, కీచుమంటుంది. ఉత్తరాలు మానకు.

నీ కోటు డబ్బులు నా చెవిలో పెట్టావు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

అత్త

*

లుగోవి,
2008 నవంబరు 23

మిర్నా తల్లీ,

రూజ నీకు ఫోన్లో చెప్పిందో లేదో, కిస్తీ పెరిగింది. ఎండాకాలంలో కొంచెం, మళ్లీ ఇప్పుడు కొంచెం. బ్యాంకులో అడిగితే వడ్డీ పెంచామన్నారు. ఫ్రాంకు కూడా పెరిగిందన్నారు. రెండూ ఎట్లా పెరుగుతాయి తల్లీ? నువ్వు కదలదన్నావుగా.

తప్పుపట్టి రాయడం లేదు, అర్థం కాక అడుగుతున్నా.

అత్త

*

జాగ్రెబ్,
2008 డిసెంబరు 7

ప్రియమైన అత్తా,

ఇది తాత్కాలికమే. ప్రపంచమంతా ఇలాగే ఉంది, పత్రికల్లో చూస్తూనే ఉంటావు. ఏడాదిలో సర్దుకుంటుందని మా దగ్గర అందరూ అంటున్నారు.

ఈ నెల ఐదువందల కూనాలు పంపుతున్నాను. రూజకు నా పేరు చెప్పకుండా ఇవ్వు.

పండగకు ఈసారి కూడా వీలు కావడం లేదు.

మిర్నా

*

లుగోవి,
2011 సెప్టెంబరు 4

మిర్నా,

రెండేళ్లు దాటింది నువ్వు ఉత్తరం రాసి. డబ్బు పంపుతున్నావు, కవరులో కాగితం ముక్క ఉండదు. కవరు దులిపి చూస్తా ప్రతిసారీ.

నీకు కొన్ని చెప్పలేదు. తిహొమిర్ ఏడాదిన్నరగా ఆస్ట్రియాలో లారీ తోలుతున్నాడు. ఆరువారాలకోసారి వస్తాడు, పిల్ల అతన్ని చూసి తలుపు వెనక దాక్కుంటుంది. కిస్తీ పంతొమ్మిదివందల నుంచి ముప్పైరెండొందలైంది. నాలుగేళ్లు కట్టాక అప్పు ఎంతుందని అడిగితే తీసుకున్నదానికంటే ఎక్కువే చెప్పారు. రూజ ఆ కాగితం బల్ల మీద పెట్టి, తిరగేసి, మళ్లీ తిరగేసి చూసింది, వెనకాలేమైనా రాసుందేమోనని.

ఆవుల్ని వసంతంలోనే అమ్మేశా. జున్ను పంపట్లేదేమని నువ్వు అడగలేదు. మంచిదైంది.

వేసవిలో మూడు కిస్తీలు ఆగిపోయాయి. మొన్న బ్యాంకు నుంచి కాగితమొచ్చింది. ఫ్లాటుతోపాటు నా ఇల్లు కూడా వేలానికి పెడతారట. వచ్చే వసంతంలోపు కట్టకపోతే.

రూజ నీ పేరెత్తదు. తిట్టదు కూడా. కుమాని తిట్టకూడదని దానికి తెలుసు. పెళ్లి ఫొటో మాత్రం గోడ మీంచి తీసేసింది. మేకు ఉంది.

నేను అడిగేది ఒక్కటే. ఇది ఇట్లా అవుతుందని నీకప్పుడు తెలుసా, తెలీదా?

అత్త

*

జాగ్రెబ్,
2011 సెప్టెంబరు 25

అత్తా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మొదటి మూడింటిలోనూ ప్రపంచ సంక్షోభం గురించి రాశాను. చింపేశాను.

ఇలా అవుతుందని నాకు తెలియదు. అది నిజం. కానీ ఇలా కాదని కూడా నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పాను.

2007 ఏప్రిల్‌లో నువ్వు అడిగావు, నీదే ఇల్లయితే ఇదే తీసుకుంటావా అని. నేను ఏడు వారాలు జవాబు రాయలేదు. పని ఎక్కువని రాశాను. అది అబద్ధం. నీ ఉత్తరం అందిన వారంలో ఆఫీసు జిరాక్సు యంత్రంలో ఎవరో మర్చిపోయిన కాగితాలు దొరికాయి. మా పై అధికారి దుబ్రావ్‌కా గారి సొంత ఇంటి అప్పు కాగితాలు. అప్పు కూనాల్లో ఉంది. మాకు ఫ్రాంకు పటం గీసి చూపించింది ఆవిడే. కాగితాలు ఇచ్చేసి, "మేడమ్, మీరు ఫ్రాంకు తీసుకోలేదేం?" అని అడిగాను. ఆవిడ నవ్వి, "నేను ముసలిదాన్ని మిర్నా, నాకు భయమెక్కువ. నువ్వు వయసులో ఉన్నదానివి, నీకెందుకు" అంది. కాఫీ తెప్పించింది. నేను తాగాను.

ఆ రోజే నీకు రాయాల్సింది. ఒక్క వాక్యం చాలు. రాయలేదు.

ఎందుకు రాయలేదో చెబుతాను. మాకు ఫ్రాంకు అప్పు ఇప్పిస్తే బ్యాంకు నుంచి వాటా వచ్చేది. కూనా అప్పుకు అందులో మూడోవంతే. త్రైమాసికంలో పన్నెండు ఫ్రాంకు అప్పులు పూర్తయితే బహుమతి. జూన్ మొదట్లో నాకు పదకొండు ఉన్నాయి. పన్నెండోది మీది. సలహా కేంద్రం అని బోర్డు పెట్టుకున్నాం గానీ, సలహా అడిగినవాళ్లు మాకు ఒక్క కూనా ఇచ్చేవాళ్లు కాదు. ఇచ్చేది బ్యాంకు. మరి నేను ఎవరి మనిషినో నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు.

కానీ డబ్బొక్కటే అంటే నన్ను నేను తక్కువ చేసి తప్పించుకున్నట్టు. నాన్న సంతకం పెట్టడానికి ఇప్పటికీ వేలికి సిరా అంటించుకుంటాడు. నువ్వు నాలుగో తరగతి. మన ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్ని. నువ్వు నన్ను ఒక మాట అడిగావు, నాకు తెలియదని రాయడం నా వల్ల కాలేదు. ష్టెఫ్ గారిని అడగొద్దన్నది ఆయనకు తెలియదని కాదు. ఆయనకు తెలిసి ఉంటుందేమోనన్న భయంతో.

ఇంకొకటి. ఇది చెప్పకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు. నోటరీ వెనక గోడకు గడియారం ఉంది. ఆయన పదకొండు నిమిషాలు చదివాడు. ఏడో నిమిషంలో, మారకపు విలువ పెరిగితే ఆ నష్టం మొత్తం అప్పు తీసుకున్నవారిదే అని చదివాడు. రూజ అల్ట్రాసౌండు ఫొటో చూసుకుంటోంది. తిహొమిర్ కిటికీలోంచి కింద కేకుల కొట్టు చూస్తున్నాడు. నువ్వు నా వైపు తిరిగావు. నేను పెదాలతో "అంతా మామూలే" అన్నాను. నువ్వు తలూపావు. పదకొండు నిమిషాలకు నేను నీకు చెప్పింది ఆ రెండు మాటలే.

నీ చెవిలో ఉన్న యంత్రం ఆ బహుమతి డబ్బుతో కొన్నది.

క్షమించమని అడగడం లేదు. అడిగితే అది కూడా నీ మీద ఇంకో బరువు వేసినట్టవుతుంది.

మిర్నా

*

లుగోవి,
2011 అక్టోబరు 10

మిర్నా,

ఈ పెట్టెలో యంత్రం ఉంది. ఇది నాది కాదు.

గోడగడియారం మళ్లీ నోరు మూసుకుంది.

కాటా

*

జాగ్రెబ్,
2011 నవంబరు 20

అత్తా,

పెట్టె అందింది. యంత్రాన్ని అమ్మలేదు, వాడలేదు. నీ పేరు రాసి దాచాను.

ఆ ఉద్యోగం అక్టోబరు చివర్లో మానేశాను. ఇప్పుడు ఒక బడిలో లైబ్రరీ చూసుకుంటున్నాను, జీతం తక్కువ. ఇది జాలి కోసం చెప్పడం లేదు. ఇకమీదట డబ్బు తక్కువ వస్తే ఎందుకో నీకు తెలియాలని.

ఇక్కడ ఫ్రాంకు అప్పులవాళ్లు సంఘంగా కూడుతున్నారు. వాళ్ల దగ్గర జెల్కా అని లాయరమ్మ ఉంది. ఆమె దగ్గరికి వెళ్లాను. "మీరు అప్పు తీసుకున్నవారా?" అంది. "ఇప్పించినదాన్ని" అన్నాను. పెన్ను కింద పెట్టింది. "మీలాంటివాళ్లు ఇక్కడికి రారే" అంది.

ఆమె అడగగా వాంగ్మూలం రాసి సంతకం పెట్టాను. నకలు ఇందులో ఉంది. శిక్షణలో మాకేం చెప్పారో, వాటా ఎంతో, జిరాక్సు కాగితాల సంగతి, నోటరీ దగ్గర నేనేం చేశానో, అన్నీ ఉన్నాయి. నా పేరు, చిరునామా కూడా. దీన్ని చూపించి వేలం ఆపమని కోర్టును అడగవచ్చట. ఆగుతుందని మాట ఇవ్వలేనంది. నేనూ ఇవ్వను. దీనివల్ల నా మీద కేసు పడొచ్చని కూడా చెప్పింది. పడితే పడనీ.

ఆమె మీ దగ్గర డబ్బు తీసుకోదు, బ్యాంకు దగ్గరా తీసుకోదు. సంఘం ఇస్తుంది. ఈసారి అది ముందే అడిగాను. కానీ నా మాట మీద వెళ్లకండి. రూజను వెళ్లి ఆమెను స్వయంగా చూడమను. ష్టెఫ్ గారిని కాగితం చదవమను. నేను తెచ్చిన మనిషి అని వద్దనుకుంటే ఇంకొకరిని వెతుక్కోండి.

మిర్నా

*

లుగోవి,
2012 ఫిబ్రవరి 19

మిర్నా,

చలికి సిరా గడ్డకట్టిందని అబద్ధం చెప్పను. రాయబుద్ధి కాలేదు. మూడు నెలలు నీ ఉత్తరం మైదా డబ్బా కింద పెట్టుకుని తిరిగా.

రూజ వెళ్లి లాయరమ్మని చూసొచ్చింది. కోర్టు వేలాన్ని శరత్కాలందాకా ఆపింది. ఆపింది, అంతే. తీసెయ్యలేదు. నీ వాంగ్మూలం చూసి జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడట.

ఇప్పుడు నేనొకటి చెప్పాలి. నువ్వు అంతా రాశావు, నేను మాత్రం దాచుకుని కూర్చుంటే అది న్యాయం కాదు.

నోటరీ దగ్గర నాకు వినపడలేదు. కానీ అతని మొహం నా ఎదురుగానే ఉంది తల్లీ. ఇరవై ఎనిమిదేళ్లు పెదాలు చదివినదాన్ని. నీ పెదాలు కనిపించినదానికి అతనివి కనిపించవా? గబగబా చదివాడు, సగం పోయింది. కానీ "పెరిగితే", "నష్టం", "తీసుకున్నవారిదే", ఈ మూడూ పట్టుకున్నా. అందుకే నీ వైపు తిరిగా. నువ్వు "అంతా మామూలే" అన్నావు. అప్పుడు నీ పెదాలు వణికాయి. అదీ చూశా.

చూసి సంతకం పెట్టా.

పరాయివాడి ముందు కుమాని రెండోసారి అడగడమేంటని ఒకటి. ఇంకోటి నాకు నేనే ఇన్నాళ్లూ చెప్పుకోలేదు. మీ నాన్న నిన్ను ఎనిమిదో తరగతితో మిల్లులో పెడతానంటే నేను అడ్డం పడ్డా. నీ హాస్టలుకి నా ఓవర్‌టైము పోసా. ఊరంతా నవ్వింది, ఆడపిల్లని చదివించి ఏం చేస్తావే కాటా అని. ఆ రోజు నోటరీ మాట నమ్మి నీ మాట కాదంటే, ఊరు నవ్వింది నిజమైపోయినట్టే. అందుకని నా ఇల్లు పెట్టా. నా పంతానికి పెట్టా, రూజ ఫ్లాటుకి కాదు. రూజకి ఇది చెప్పా. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

దీంతో నీ తప్పు తగ్గిందనుకోకు. నాది పెరిగింది, అంతే.

ష్టెఫ్ కూడా మొన్న కంచె దగ్గరికొచ్చి నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని. "కాటా, ఆ రోజు నీ చేతిలో కాగితాలు చూశా. ఆపుదామనుకున్నా. కుమా చెప్పిందన్నావు. కుమాలిద్దరి మధ్య నోరు పెట్టేవాడు మనిషేనా అని కోళ్ల దగ్గరికి పోయా" అన్నాడు. "మరి ఇప్పుడెందుకు చెబుతున్నావ్ చచ్చినోడా" అన్నా. "కోళ్లన్నీ చచ్చిపోయాయి, ఇంకెక్కడికి పోను" అన్నాడు.

ఇక అసలు విషయం. పోయిన వారం ఒకాయన వచ్చాడు. కోటు, తోలు సంచి. ఏదో కంపెనీ. మా పాత అప్పు మొత్తం వాళ్లే తీర్చేస్తారట, కొత్తగా కూనాల్లో అప్పిస్తారట, ఒక్క సంతకం చాలట. తాకట్టు మళ్లీ నా ఇల్లే. కాగితం నకలు ఇందులో పెట్టా. నేను ముందు లాయరమ్మని అడిగించా. కోర్టు తేలేదాకా వద్దంది. ష్టెఫ్‌ని కూర్చోబెట్టి అడిగా. ఈల వేసుకుంటూ మూడు గంటలు చదివి వద్దన్నాడు. రూజని అడిగా. అదీ వద్దంది, కానీ ఇంకో మాట కూడా అంది. "మిర్నాని కూడా అడుగమ్మా. ఎక్కడ తప్పు చేసిందో రాసి కింద పేరు పెట్టింది అదొక్కతేగా" అంది.

ముగ్గురయ్యారు. నాలుగోదానివి నువ్వు. రాయి.

ఆ కోటాయన శుక్రవారం కాదు, ఆపై శుక్రవారం మళ్లీ వస్తాడు. వద్దని చెప్పేముందు వాడేం చెబుతాడో మొత్తం వినాలని ఉంది. చిక్కేంటంటే వాడికి ఇంతింత మీసాలు, పై పెదవి కనిపించి చావదు. కాబట్టి ఆ యంత్రం తిరిగి పంపు. ఊరికే వద్దు. దాని ఖరీదెంతో రాయి, నీకు బాకీ ఉన్నట్టు రాసుకుంటా, దూడ అమ్మాక ఇస్తా. అవును, ఒక దూడని కొన్నా. ష్టెఫ్‌తో సగం సగం.

అత్త

*

జాగ్రెబ్,
2012 ఫిబ్రవరి 24

అత్తా,

కాగితం రెండుసార్లు చదివాను. ఇది మంచిదో చెడ్డదో నాకు తెలియదు.

ఈ మాట రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఐదేళ్ల కిందట రాయాల్సిన వాక్యం ఇది. రాయడానికి ఇంత తక్కువ సిరా పడుతుందనుకోలేదు.

తెలిసింది ఒక్కటి చెబుతాను. నేను ఆ బల్లకు అటువైపు కూర్చున్నదాన్ని కాబట్టి తెలుసు. నువ్వు సంతకం పెడితే అతనికి ఎంత వస్తుందో, ఎవరిస్తారో అడుగు. నా బల్ల ముందు ఐదేళ్లలో ఒక్కరు కూడా ఆ ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే నేను ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అతను నవ్వి కాఫీ గురించి మాట్లాడితే, నువ్వు లేచి దూడకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపో.

నా పెదాలు వణకడం చూశానన్నావు. నేను ఆ రోజు నిన్ను మోసం చేశానని ఇన్నాళ్లూ అనుకున్నాను. నువ్వు చూసి కూడా నా వైపు నిలబడ్డావని తెలిశాక అది తేలికవుతుందేమో అనుకున్నాను. కాలేదు. నేను ఇంకా చాలాకాలం మీ ఇంటికి రాలేకపోవచ్చు. రూజ గోడ మీద ఆ మేకు ఖాళీగానే ఉండనీ. ఉత్తరాలు మాత్రం రాస్తాను, కవరులో కాగితం లేకుండా డబ్బు పంపను.

యంత్రం దూదిలో చుట్టి పెట్టాను. ఖరీదు రెండువేల ఆరువందల కూనాలు. రాసుకో. దూడ అమ్మాకే ఇద్దువుగాని.

బ్యాటరీలు కొత్తవి వేశాను. అతను గొంతు తగ్గించి మాట్లాడే చోట చక్రం బాగా పైకి తిప్పు.

మిర్నా